బాగుందన్న పాపానికి

ఆయన పేరు నాకు ఆయన చనిపోయాకే తెలిసింది. నాలుగురోడ్ల కూడలిలో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద, పూలదండ బొమ్మ కింద, ఇంటిపేరుతో సహా పెద్ద అక్షరాల్లో వేశారు. ఫొటో చూసి ఆటో ఆపించాను. పందొమ్మిదేళ్లు ఆ మనిషి దగ్గర కాఫీ పొడి కొన్నాను. ఊరందరికీ ఆయన కాఫీ పొడాయన. బెల్లం మార్కెట్టు వాళ్లకు బావ, లేకపోతే మామ. నేను మాత్రం "ఏమండీ" అనేదాన్ని. బతికుండగా ఎవరూ పిలవని పేరు ఇప్పుడు నేను రాస్తే ఎవరు గుర్తుపడతారు? అందుకని రాయను.

ఫొటో కూడా ఆయనది కాదేమో అనిపించింది. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. నేను చూసిన మనిషి ఒంటి మీద ఎప్పుడూ కాఫీ రంగు పట్టిన బనీను, భుజాన తువ్వాలు, చెవి మీద పెన్సిలు. ఆ పెన్సిలుతో ఏదైనా రాయగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనకు రాసుకోవలసిన అవసరం ఉండేది కాదు. కబురు నాకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతీ నాకు గుర్తుంటుంది.

కొట్టు అనకాపల్లి స్టేషను రోడ్డులో ఉండేది. ముందుగదిలో పొడి కొట్టే మర, మర పక్కన చెక్క బల్ల, వెనక రేకుల చావడిలో గింజలు వేయించే డ్రమ్ము. మంగళవారం, శుక్రవారం వేయించేవాడు. నేను కోటవురట్ల హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పేదాన్ని. రోజంతా పిల్లలతో అరిచి, హెడ్మాస్టరు చేత మాటలు పడి, బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడి ఆర్టీసీ కాంప్లెక్సులో దిగేసరికి, ఆ రెండు రోజుల్లో మాత్రం ఆ వాసన అక్కడి దాకా వచ్చి, చేతిలో సంచి అందుకోవడానికి నిలబడ్డట్టు ఉండేది. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

ఆయన దగ్గరికి వెళ్లి పావుకిలో ఇవ్వండి అని తీసుకుని వచ్చేయడం కుదరదు. ముందు ఇంటి సంగతి చెప్పాలి.

"ఏ పాలండి? గేదివా, పేకెట్టువా?"

"ముసిలోళ్లున్నారా ఇంట్లో?"

"కాఫీ ఎవరు కలుపుతారు? అత్తా, కోడలా? కోడలైతే డికాషను పలసన సేసీగల్దు, కాసింత సికోరీ ఎక్కువ పడాల."

కొత్త కోడళ్లు నోరు నొక్కుకుని నవ్వేవారు. అత్తలు మాత్రం సరిగ్గా చెప్పాడన్నట్టు తలాడించేవారు. ఒకసారి తేల్చాక ఆ ఇంటి పాళ్లు ఆయన బుర్రలో ఉండిపోయేవి. మనం మెట్టు ఎక్కుతుండగానే ఆయన చెయ్యి డబ్బాల వైపు వెళ్లేది. ఎవరైనా గేదెను అమ్మేస్తే ఆయనకు ఎలా తెలిసేదో, ఆ వారం నుంచి పాళ్లు మారేవి. ఒకావిడ పొడి వాసన చూసి, "ఇది మాది కాదు, వేరేగా ఉంది" అంటే, "తాతగారు నేరు కదమ్మా. అది ఆయన కోసం కలిపింది. ఇది మీది" అన్నాడు. ఆవిడ అక్కడే పైట కొంగు కళ్లకు అద్దుకుంది.

నాకు జరిగిన మొదటి అవమానం కూడా ఆ మెట్ల మీదే. బదిలీ మీద వచ్చిన కొత్త. ఎలమంచిలిలో నాకు అలవాటైన కొట్టు ఉండేది. ఇక్కడ ఎవరో ఈయన్ని చూపించారు.

"చికోరీ లేకుండా ఇవ్వండి," అన్నాను.

"ఏ పాలండి?"

"ఏ పాలైతే మీకెందుకు? చికోరీ వద్దంటున్నాను కదా."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నిజవేనండి. సికోరీ ఏసేది సేదు కోసం. అది మీ నాలిక మీదే ఉన్నట్టున్నాది."

బల్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురూ నవ్వారు. వాళ్లలో లావుపాటి బెల్లం వ్యాపారి ఒకడు, ముదురు ఎరుపు చొక్కా వేసుకున్నవాడు, "బావా, టీచరుగారితో పెట్టుకోకు. గోడకుర్చీ ఏయించీగల్రు" అన్నాడు. మళ్లీ నవ్వారు. ఇంతా చేసి ఆయన ఇచ్చింది ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరీ. వద్దన్నాను. "తాగి సూసి తిట్టండి" అని పొట్లం నా సంచిలో పడేశాడు.

తాగాను. అలాంటి కాఫీ నేను అంతకుముందు తాగలేదు. ఆ నిజం ఇక్కడ రాస్తున్నాను గానీ, తరవాతి వారం వెళ్లి ఆయనతో అన్నది మాత్రం, "గరుకుగా ఉంది."

ఆ మాట దగ్గర మొదలైన వరస పందొమ్మిదేళ్లు నడిచింది. నేను ఏదో ఒక వంక పెట్టకుండా పొడి తెచ్చుకోలేదు. పొట్లం వదులుగా కట్టారనీ, మంగళవారం పొడికీ శుక్రవారం పొడికీ పోలిక లేదనీ, న్యూస్‌పేపరు సిరా వాసన పట్టిందనీ చెప్పేదాన్ని. ఆయన ఒక్కదానికీ ఊరుకోలేదు. సిరా వాసనకు, "సదుంకున్నోరు కదా, కాఫీలో కూడా పేపరు సదివీసేరు" అన్నాడు. వదులు పొట్లానికి, లోపల కూర్చుని పొట్లాలు కట్టే వాళ్లావిడను కేకేసి, "ఓలమ్మీ, టీచరమ్మ పొట్లానికి బెల్లం దిమ్మకి కట్టినట్టు పురికొస నాలుగు సుట్లు సుట్టు" అన్నాడు. ఆవిడ లోపలి నుంచి, "నువ్వూ నీ ఎకసెక్కాలూనూ" అనేది.

నేను వెళ్లగానే బల్ల మీద వాళ్లు సర్దుకుని కూర్చునేవారు, ఆట మొదలవుతుందన్నట్టు. "టీచరమ్మ ఏటంతాదో ఇని, అప్పుడు మీకు కొడతాను" అని ఆయన వాళ్లతో అనేవాడు. అదీ ఎగతాళేనని ఇంటికొచ్చి మా ఆయన దగ్గర రుసరుసలాడేదాన్ని. మా ఆయన టీ మనిషి. "అంత బాధైతే వేరే కొట్లో కొనుక్కో" అనేవాడు. మరో రెండు కొట్లలో కొని చూశాను కూడా. ఆ సంగతి కాఫీ పొడాయనకు తెలియకుండా ఉండాలని చాలా జాగ్రత్తపడ్డాను.

వేయించిన ప్రతి వాయికీ ఆయన చేసే పని ఒకటుంది. చిన్న బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని, పాలు పోయని డికాషను గుక్కెడు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని వీధివైపు తిరిగి నిలబడేవాడు. ఆ కాసేపూ ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. తరవాత ఒకసారి గొంతు సవరించుకుని మర తిప్పడానికి వెళ్లిపోయేవాడు. బాగుందో లేదో పైకి అనేవాడు కాదు. ఆ విషయంలో మేమిద్దరం ఒకటే.

రిటైరయ్యాను. వీడ్కోలు సభలో ఒకాయన నన్ను "నిక్కచ్చి మనిషి" అన్నాడు. ఆ మాటకు ఏమర్థమో నాకు తెలియనిది కాదు. ఆ నెలలోనే విశాఖపట్నంలో ఒక పెద్ద కాఫీ దుకాణానికి వెళ్లాను. ఎస్‌ప్రెస్సో కావాలంటే కౌంటరు దగ్గరి అమ్మాయి, "ఆంటీ, అది చాలా స్ట్రాంగు, మీకు నచ్చదు. పాలున్నది తీసుకోండి" అంది. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడే తాగాను. ఇంత చిన్న కప్పు, రెండు గుక్కలు. ఆ రెండో గుక్కలో, సాయంత్రం పూట బస్సు దిగినప్పుడు కాంప్లెక్సులో ఎదురొచ్చే వాసన ఉంది. మన కాఫీలో అది ఇల్లంతా వస్తుంది గానీ గ్లాసులో ఉండదు. ఇక్కడ కప్పులోనే ఉంది.

రెండు నెలలు అవీ ఇవీ పోల్చి చూసి, చివరికి ఇంట్లో పెట్టుకునే మెషీను తెప్పించాను. నా జీవితంలో నా ఒక్కదాని నోటి కోసం కొనుక్కున్న మొదటి వస్తువు అది. మా ఆయన అట్టపెట్టె చుట్టూ తిరిగి, "టీకి పనికొస్తాదా?" అన్నాడు. కాదన్నాక ఆయనకు దానితో సంబంధం తెగిపోయింది.

పుస్తకంలో రాసినట్టే చేశాను. పిడి ఉన్న చిన్న గిన్నెలో పొడి నింపి, గట్టిగా నొక్కి, మెషీనుకు బిగించి, మీట నొక్కాను. రొద మొదలైంది. కప్పులోకి చుక్క రాలేదు. రొద కీచుగా మారింది. పక్కల నుంచి నల్లటి నీళ్లు చిమ్మి గోడ మీద పడ్డాయి. ఆపి, విప్పి చూస్తే గిన్నెలో రోడ్డుకు పోసే తారు లాంటి ముద్ద. కంపెనీకి ఫోను చేశాను. అవతల ఒకమ్మాయి అన్నీ విని, "మేడమ్, పౌడర్లో చికోరీ ఉందా?" అంది. చికోరీ వేడినీళ్లకు ఉబ్బి జిగురవుతుందట, జల్లెడ కన్నాలు మూసుకుపోతాయట. "అందులో చికోరీ ఎవరైనా వేస్తారా మేడమ్?" అని నవ్వింది కూడా. "అనకాపల్లిలో వేస్తాం" అని ఫోను పెట్టేశాను.

ఆ ముద్దను గిన్నెతో సహా పట్టుకుని నేరుగా కొట్టుకు వెళ్లాను.

"చూడండి మీ పొడి ఏం చేసిందో! కొత్త మెషీను, మొదటి రోజే మూసుకుపోయింది."

ఆయన గిన్నె అందుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. "ఏటీ, మింగనందా? సికోరీ ఏత్తే నోరు బిగించీసిందా? అచ్చం మీలాటి మిషను దొరికింది గదండి మీకు!"

బల్ల మీద నవ్వులు. ఎర్రచొక్కా బెల్లం వ్యాపారి ఆ రోజు నీలం చొక్కాలో ఉన్నాడు; నవ్వు మాత్రం అదే.

"ఉండండి. వట్టి కాఫీ పిక్కల పొడి కొట్టి ఇత్తాను."

"పందొమ్మిదేళ్లుగా నేనడుగుతున్నది అదే కదండీ!"

"మీరడిగింది పంతానికండి. ఇది పాపం, గొంతు దిగక అడుగుతున్నాది."

నాకు ఇవ్వనిది మెషీనుకిచ్చాడు. ఇది కూడా మరచిపోయే మాట కాదు. మర చక్రం రెండు చుట్లు బిగించి, గోధుమపిండిలా మెత్తగా కొట్టి, అలవాటు ప్రకారం బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బాగుందన్నట్టు తలాడించాడు.

ఇంటికెళ్లి మెషీనులో వేస్తే ఈసారి కాఫీ దిగింది. నోట్లో పెట్టుకుంటే బూడిద. అడుగంటిన గిన్నె కడిగిన నీళ్ల రుచి. తీసుకెళ్లి తిరిగిచ్చాను. రెండో పొట్లం ఇచ్చాడు, అదీ అంతే. మూడోదీ అంతే. మూడోసారి వెళ్లినప్పుడు కొట్టు నిండా జనం. పందొమ్మిదేళ్ల కింద నవ్విన బల్ల అలాగే ఉంది. అందరూ వినేలా అన్నాను.

"మూడుసార్లు మాడిపోయిన పొడి ఇచ్చేరు. ఏమండీ, ముక్కు పని చెయ్యడం లేదా మీకు?"

జవాబు కోసం అందరం చూశాం. బెల్లం వ్యాపారి ముందుకు వంగి, "అనీ బావా ఒకటి! ఏటలాగ గమ్మునున్నావు?" అన్నాడు. ఆయన పొట్లం నా చేతిలోంచి తీసుకుని, పురికొస విప్పి, మళ్లీ కట్టి, పక్కన పెట్టాడు. "మార్సి ఇత్తానండి" అన్నాడు.

గెలిచానని అనుకున్నాను. అక్కడి నుంచి పది అడుగులు అలాగే నడిచాను. వీధి మలుపులో వెనక నుంచి ఎవరో చీర కొంగు పట్టుకుని లాగారు. వాళ్లావిడ. చేతులకు ఇంకా పురికొస పీచు అంటుకుని ఉంది.

"మీరన్నది నిజవే టీచరమ్మా. ఆయనికి వాసన తెల్డం నేదు."

"ఎప్పట్నించి?"

"కరోనా జొరం కాడ్నించి. జొరం తగ్గింది గానీ ముక్కు రానేదు. రుసి కూడా అంతంతే."

"మరి ఇన్నాళ్లూ వేయించడం?"

"సెవితోటి. పిక్క సిటపటమన్న సప్పుడు బట్టి. కంటితోటి రంగు సూసి. ఇప్పుడు కన్ను కూడా మసకేసింది. సికోరీ, పాలు, పంచదార అన్నీ కలిసి కప్పీసేయి, ఎవలూ పోల్సుకోనేదు. మీ మిషనొచ్చి పట్టీసింది." ఆవిడ నా కొంగు ఇంకా వదల్లేదు. "కాఫీ పొడి కొట్టీవోడికి ముక్కు నేదంతే ఇంకేటున్నాదండి? టీచరమ్మకి పనికిరాని పొడి ఇంకెవలికి అమ్మీది, మూసీద్దాం అంతన్నారు. మీరు ఒంక పెట్టి ఎల్లిన ప్రతిసారీ మర సక్రం సర్దుకునీవోరు, తెల్సా? మీకు ఎదురు సెప్పీవోరు గానీ, సర్దుకునీవోరు. కొట్టు నేకపోతే ఆ మనిసి బతకడు."

సిరా వాసనని నేనన్న తరవాత పొట్లానికి లోపల తెల్లకాగితం వచ్చిన సంగతి నాకు అప్పుడు తట్టింది. ఎన్నేళ్లుగానో చూస్తూనే ఉన్నాను.

ఆ శుక్రవారం కొట్టులోకి కాకుండా వెనక చావడిలోకి వెళ్లాను. డ్రమ్ము కింద అప్పుడే మంట పెట్టాడు.

"ఏటండి ఇలాగొచ్చేరు?"

"వాసన నేను చూస్తాను. మీరు తిప్పండి."

ఆయన పొట్లాలు కట్టే గది వైపు ఒకసారి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కాలితో పీట నా వైపు జరిపాడు.

డ్రమ్ము మూత తెరిచినప్పుడల్లా నేను అరచేత్తో ఆవిరిని ముక్కు వైపు విసురుకుని చూశాను. లేబులో పిల్లలకు నేర్పే పద్ధతి అది.

"ఏటండి, ఈగల్ని తోలుతున్నారా?"

"ముక్కు పెట్టకూడదు. ఇలాగే చూడాలి."

"నేను ముక్కు లోపలికెట్టీసీవోణ్ని. అందుకే పోయిందేవో." తిప్పుతూనే అన్నాడు. "ఇప్పుడేటి?"

"తడి గడ్డి."

"అవును. ఇంకా సేపున్నాది." కాసేపాగి, "ఇప్పుడు?"

"పేలాలు వేయించినట్టుంది."

"ఊఁ."

"వేరుశెనగ పొట్టు... ఇప్పుడు బెల్లం పాకం."

ఆయన తిప్పడం ఆపలేదు గానీ కళ్లు మూసుకున్నాడు. "ఏ పాకం? అచ్చులో పోసీదా, అంతకు ముందుదా?"

ఈ ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్లెవరూ ఆ తేడా తెలియకుండా ఉండరు. నేను పుట్టింది చెరుకు పండే ఊళ్లోనే. మా నాన్న బెల్లం వండే పొయ్యి దగ్గర నన్ను కూర్చోబెట్టుకునేవాడు. "ముందుది. ఇంకా జారుగానే ఉంది."

"నురగ అణిగిందా?"

"అణుగుతోంది."

"ఇంకో పాతిక సుట్లు."

మొదటి శుక్రవారం నేను ఆలస్యంగా చెప్పాను, గింజలు నల్లబడ్డాయి. "ముక్కుండి మీరేటి సేసేరు?" అన్నాడు. రెండోసారి తొందరపడ్డాను, పచ్చి వాసన పోలేదు. మూడోసారి దగ్గరకొచ్చాం. ఆ నాలుగు వారాలూ నేను ఇంట్లో మరో పని పెట్టుకోలేదు. చీరలన్నీ పొగ వాసన కొట్టేవి. మా ఆయన ఒకసారి, "ఎవరితో పోట్లాడుతున్నావీమధ్య? నాతో పోట్లాడ్డం లేదు" అన్నాడు.

నాలుగో శుక్రవారం గింజలు గోధుమరంగు దాటి, ఎండు ఖర్జూరం రంగులో దిగాయి. చల్లార్చే జల్లెట్లో ఆయన వాటిని రెండు చేతులతో ఎగరేస్తూ చప్పుడు విన్నాడు. గింజలు తేలికగా, గాజుల్లా మోగాయి. ఆయన ముఖం చూస్తే ఆయనకు నమ్మకం కుదిరినట్టే ఉంది.

"దీన్ని మీ మిషన్లో ఏసి సూడాల. ఆదివారం నేనే వత్తాను. అది సరిగ్గా ఉంటే కొట్టు నడుపుతాను. నేకపోతే నేదు. ఊరికే జనం కడుపులో మాడుపొడి ఎందుకు పొయ్యాల?"

ఆదివారం పొద్దున తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొడి పొట్లం పట్టుకుని వచ్చాడు. ఫ్లెక్సీలో ఫొటో నాకు కొత్తగా కనపడింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆ చొక్కా ఆ రోజుదేనేమో. మా ఆయన కుర్చీ వేసి, ఏం మాట్లాడాలో తెలియక ఫ్యాను పెంచాడు. ఆయన కూర్చోలేదు. మెషీను నెత్తి మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"జొరం తగిలినట్టున్నాది దీనికి."

"అలాగే వేడెక్కాలి."

పొడి నింపి, నొక్కి, బిగించాను. మీట నొక్కాక కాసేపు ఏమీ రాలేదు. తరవాత తేనె దారంలా, ఎర్రగా, సన్నగా, తెగకుండా దిగింది. పైన మీగడ రంగు నురగ కట్టింది. ఇల్లంతా ఆ వాసన. ఆయన వంగి, కప్పుకు మూరెడు దూరంలో ముఖం పెట్టి, ఆ దారాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"సప్పుడు బాగున్నాది," అన్నాడు.

రెండు కప్పులు పట్టాను. ఆయన జేబులోంచి కాగితంలో చుట్టిన బెల్లంముక్క తీసి బుగ్గన పెట్టుకున్నాడు. గుక్క తాగి, కళ్లు మూసుకుని, మా వంటింటి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు. గొంతు సవరించుకోలేదు.

"వేడి తెలుత్తున్నాది. సేదు తెలుత్తున్నాది. ఇంకేటీ నేదండి నాకు." నా వైపు తిరిగాడు. "మీరు సెప్పండి. మా ఆవిడ సెప్తే నమ్మను, మా మార్కెట్టోళ్లు సెప్తే నమ్మను. మీరు ముకం మీద అనీసే మనిసి. మీరేటంతే అదే."

తాగాను. నా అలవాటు కొద్దీ నాలుక వంక కోసమే వెతికింది. అడుగున మాడు ఉందేమో చూశాను. లేదు. పులుపు ఉందేమో చూశాను. నేరేడు పండులో ఉన్నంత, ఉండవలసినంతే ఉంది. మింగాక అచ్చులో పొయ్యకముందరి పాకం గొంతులో నిలిచింది. విశాఖపట్నంలో ఆ అమ్మాయి ముందు నిలబడి తాగినది దీని ముందు ఎందుకూ పనికిరాదు.

"బాగుంది," అన్నాను.

ఆయన కప్పు గట్టు మీద పెట్టాడు. "ఏటి?"

"బాగుందండీ. చాలా బాగుంది."

"ఒంకేటీ నేదా?"

"లేదు."

"గరుగ్గా నేదా?"

"లేదండీ."

"అడుగున మాడు? కాసింతైనా?"

"లేదంటున్నాను కదా! ఏమీ లేదు! ఇంత మంచి కాఫీ నేనెప్పుడూ తాగలేదు!" నా గొంతు లేచింది. లేవకూడని చోట వణికింది కూడా. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వాటినే చూశాడు.

అప్పుడాయన నవ్వాడు. బల్ల మీద వాళ్ల కోసం నవ్వే నవ్వు కాదు. పందొమ్మిదేళ్లలో నావైపు అలా మెత్తగా చూడలేదు.

"మంచోరండి మీరు," అన్నాడు. "నేనే తెలుసుకోనేదు ఇన్నాళ్లూ."

"నిజం చెప్తున్నానండీ!"

"మా ఆవిడ మీ కాళ్లా వేళ్లా పడుంటాది. పాపం మీరేటి సేత్తారు." తన కప్పు తనే కుళాయి కింద కడిగి బోర్లించాడు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, మా ఆయనకు దణ్ణం పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మా ఆయన ఫ్యాను తగ్గించి అన్నాడు: "నాకు కాఫీ సంగతి తెలీదు గానీ, నువ్వు బాగుందంటే నేనే నమ్మలేదు."

సోమవారమంతా ఆలోచించి మంగళవారం కొట్టుకు వెళ్లాను. డ్రమ్ము చల్లగా ఉంది. ఆయన డబ్బాలు తుడిచి వరసగా బోర్లిస్తున్నాడు.

"మొన్నటి పొడి గరుకుగా ఉంది," అన్నాను. "మొన్న చెప్పలేదు. పురికొస వదులుగా కట్టేరు. అడుగున కొంచెం మాడు కూడా తగిలింది. చక్రం సర్ది ఇంకో వాయి వెయ్యండి."

డబ్బా తుడవడం ఆపి విన్నాడు. పూర్తిగా విన్నాడు. ఎప్పటిలా ఒక్క మాట అంటాడని, అంటే చాలని, మెట్టు మీద నిలబడి ఉన్నాను.

"మీకు అబద్దం రాదు టీచరమ్మా," అన్నాడు.

మిగిలిన పొడి అంతా మూడు పొట్లాలు కట్టించి నా సంచిలో పెట్టించాడు. శుక్రవారానికి షట్టరు దించేశాడు. బల్ల మాత్రం కొన్నాళ్లు బయట ఉంది. తరవాత అదీ లేదు. నేను రెండుసార్లు ఇంటికి వెళ్లాను. ఒకసారి పడుకున్నారన్నారు. ఒకసారి సబ్బవరం చుట్టాలింటికి వెళ్లారన్నారు. నిజమో కాదో తెలియదు. నాకు ముఖం చాటేశారని అనుకుని, కష్టపెట్టుకుని, మూడోసారి వెళ్లలేదు. నా స్వభావం అది. మూడోసారి వెళ్లవలసింది.

చివరికి ఫ్లెక్సీ చూసి పదకొండో రోజున వెళ్లాను. గుండె ఆగిందన్నారు. మొదటి రోజు నన్నన్న మాట నేను మరచిపోలేదు, చనిపోయారని దాన్ని కొట్టేయను కూడా. ఆ మాట అన్న మనిషి మళ్లీ ఒక్కసారి అలాంటిది ఇంకోటి అంటే వినాలని మాత్రం ఆ గుమ్మంలో నిలబడి అనిపించింది.

షామియానా కింద అందరూ ఆయన కాఫీ గురించే మాట్లాడుకుంటున్నారు. "అలాటి కాఫీ ఇంక పుట్టదు" అని ఒకావిడ. "సివరి దాకా అదే రుసి" అని ఇంకొకరు. బెల్లం వ్యాపారి తెల్లచొక్కాలో, కళ్లు తుడుచుకుంటూ, "మా బావ సేతిలో ఉండీదిరా ఆ గుణం" అంటున్నాడు. ఏళ్ల తరబడి మాడుపొడి తాగి, తేడా తెలియని వాళ్లు. వాళ్ల మీద కోపం కూడా రాలేదు.

లోపల వాళ్లావిడ చాప మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా చెప్పాను.

"ఆ ఆదివారం మా ఇంట్లో తాగిన కాఫీ నిజంగా బాగుందమ్మా. జాలికి చెప్పలేదు. మీరైనా నమ్మండి. ఆయన చెయ్యి పోలేదు."

ఆవిడ నా ముఖం వైపు చూసింది. తరవాత నా చేతి మీద తన రెండో చెయ్యి వేసి, ఓదార్చినట్టు రెండుసార్లు తట్టింది.

"అవునమ్మా," అంది. "పొద్దున్నించి అందరూ అదే మాట అంతన్నారు."